కాలనీలో అమ్మకు కనిపించిన నీళ్ళు

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు... కొండాపురం వైపున్న మా ఊరి పొలాల్లోకి జలాశయం నీళ్ళు వచ్చేశాయి. తిరగలి, మంచాలు, ఊడదీసిన వాకిలి తలుపులు ట్రాక్టరులో వేసుకుని కాలనీకి కదిలాం. అమ్మకు అప్పుడు ఏడో నెల. దారి పొడవునా కడుపు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది...

కాలనీలో మా ఇల్లు ఇంకా సగమే కట్టారు. సిమెంటు గోడలు, పైన రేకులు. చుట్టుపక్కల చెట్టన్నది లేదు. మధ్యాహ్నం గాలికి రేకు కదిలినా ఇంటి మీద ఎవరో నడుస్తున్నట్టే ఉండేది.

పాత ఊళ్ళో నెలనెలా నర్సమ్మ వచ్చి అమ్మకు బీపీ చూసేది. ఇక్కడికి ఎవరూ రాలేదు. ఊరు రెండు మూడు కాలనీలకు చెదిరిపోయిన గందరగోళంలో గర్భిణుల పేర్లు రాసుకునే ఇక్కడి నర్సు పుస్తకంలోకి అమ్మ పేరు ఎక్కనే లేదు.

కొన్ని వారాలకు అమ్మ కాళ్ళు వాచాయి. మెట్టెలు బిగుసుకుపోతే సబ్బు రాసి తీయాల్సి వచ్చింది. తల పగిలిపోతోందని పడుకునేది. ఆ తర్వాత...

ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి అన్నానికి వచ్చేసరికి అమ్మ మూలన గోడకానుకుని, కాళ్ళు ముడుచుకుని ఉంది.

"లోపలికి రావద్దు పాపా. ఇంట్లోకి నీళ్ళొచ్చినాయి."

నేల మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

"యాడుండాయమ్మా?"

"అదో... మెరుస్తాండాయి చూడు. నీ కాళ్ళ కాడికొచ్చినాయి."

ఎంత మెల్లగా చెప్పిందంటే... నేను నిజంగానే కాళ్ళు వెనక్కి తీసుకున్నాను.

మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, "కడుపుతో ఉండేదాన్ని పొలిమేర దాటించినాం. పాత ఇల్లు దీన్ని వదల్లేదు" అంటూ తాయెత్తు కట్టింది. మూడు రోజులు అమ్మ ఆ మూల వదల్లేదు. పక్కింటివాళ్ళు మా వాకిట్లోకి రావడం మానేశారు. నాక్కూడా అమ్మ దగ్గరికి పోవాలంటే భయం... ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నాలుగో రోజు మా పాత ఊరి నర్సమ్మ వచ్చింది. ఈ కాలనీ ఆమెది కాదు. తన పుస్తకంలో కాన్పు కాకుండా మిగిలిన పేర్లు పట్టుకుని, ఎండలో ఇంటింటా అడుగుతూ వచ్చింది. జేజి చెప్పిన నీళ్ళ సంగతి విని, బీపీ ఒకసారి చూసింది. మళ్ళీ చూసింది. జేజి వైపు తిరిగింది.

"ఏదీ పట్టలేదు అవ్వా. బీపీ శానా ఎక్కింది. అది ఎక్కితే కండ్లకు ఇట్లనే మెరుపులు కనపడతాయి. ఇంగ ఆలస్యం చేస్తే ఫిట్సొస్తాయి. ఆటో పిలిపించు."

ప్రొద్దుటూరు దారిలోనే ఫిట్స్ వచ్చాయట. ఆసుపత్రి చేరేదాకా నర్సమ్మ అమ్మను పక్కకు తిప్పి ఒడిలో పట్టుకుందని నాయన చెప్పాడు.

ఆ సాయంత్రం ఆపరేషన్ చేసి చెల్లిని తీశారు. కిలోన్నర కూడా లేదు. చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. ఇద్దరూ బతికారు. అమ్మకు ఆ రోజులేవీ గుర్తు లేవు. "నేను అట్లన్నానా?" అని ఇప్పటికీ నా మొహంలోకి చూస్తుంది...

ఆ తర్వాత కాలనీలోకి కడుపుతో ఎవరొచ్చినా జేజి అడిగే మొదటి మాట ఒకటే... "నీ పేరు రాసుకున్యారా పాపా?" తను చనిపోయేదాకా అడిగింది.

ఇప్పుడు చెకప్ తేదీ ఫోన్‌కే వస్తుంది. మంచిదే... కానీ చెకప్‌కు రాని మనిషి ఏమైందోనని ఎండలో వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు తగ్గిపోయారేమో అనిపిస్తుంది.

మీ ఇంట్లో ఎవరైనా కడుపుతో ఊరు మారారా? వాళ్ళను వెతుక్కుంటూ ఎవరొచ్చారు?