ఎర్మెలిందా తిప్పనివ్వని నాబ్

“ఇక్కడేదైనా అంటుకుంటే? పిల్లల్ని బయటికి తెచ్చేలోపు ఆ గదంతా పొగతో నిండిపోదూ?”

“నిండిపోతుంది,” అంది కరెంటు ప్యానెళ్ల వెనక నుంచి ఒక గొంతు. “అందుకేగా నన్నిక్కడ పెట్టింది.”

మనసులో అనుకున్నది పైకే అనేశానని అప్పుడు తెలిసింది. ప్రసూతి సెలవు ముగిసి చేపల పొడి ఫ్యాక్టరీలో మళ్లీ చేరిన వారం అది. నేను ల్యాబ్‌లో పొడిలోని తేమా, నూనే కొలిచే కెమిస్టుని. నా కూతురు రోసియో ఫ్యాక్టరీ పిల్లల గదిలో నిద్రపోతోంది. ఆ గదికీ ఈ కరెంటు గదికీ మధ్య ఉన్నది ఒకే గోడ. అది వేడిగా ఉందేమో తాకి చూద్దామని వచ్చాను.

ప్యానెళ్ల వెనక నుంచి వచ్చినామె ఎర్మెలిందా చయాపా. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉంటుంది, జడలు రెండూ హెల్మెట్ కింద దోపుకుంది. పైన కొండల్లో లామా మందలు మేపే ఊళ్లో పుట్టి, చిన్నవయసులోనే ఈ రేవుకి దిగి, ఎలక్ట్రీషియన్ చదువు చదివి, ఇక్కడే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. కొండ వీధిలో ఒక అద్దె గది ఆమె ఇల్లు.

“గోడ తాకితే ఏం తెలుస్తుంది అమ్మాయ్? ఇటు రా.”

ఫ్యాక్టరీ కరెంటంతటినీ ఆపే పెద్ద బ్రేకర్ ముఖాన, తాళం వేసిన అద్దం మూత వెనక, చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె ఉంది. దాని మీద వరసగా నాబులు. చుట్టాలని పరిచయం చేసినట్టు చెప్పుకొచ్చింది.

“ఈ మొదటిది నిదానస్తురాలు. కరెంటు కాస్త ఎక్కువైతే చాలాసేపు ఊరుకుంటుంది. ఎంత ఎక్కువైతే అంత త్వరగా ఓపిక పోతుంది. రెండోది పెద్ద దెబ్బ తగిలినా ఒక్క రెప్పపాటు ఆగుతుంది, కింద ఉన్న చిన్న బ్రేకర్ పడుతుందేమోనని. అది పడితే ఫ్యాక్టరీ మొత్తం ఆగక్కర్లేదుగా. మూడోదానికి ఆగడమే తెలీదు. తీగా తీగా కలిశాయా, తక్షణం కట్.”

“నాలుగోది?”

“ఎర్త్ ఫాల్ట్. వెళ్లిన కరెంటంతా తిరిగొచ్చిందా అని చూస్తుంది. రాలేదంటే ఎక్కడో ఇనుములోకి పోతోందన్నమాట. అలా పోయేది మిగతా ముగ్గురి కంటికీ ఆనదు, ఫ్యాక్టరీ వాడకంలో కలిసిపోతుంది. కానీ రవ్వలు రేపి ప్యానెల్ తగలబెట్టడానికి అది చాలు. ఆ తర్వాత నీ గోడ.”

మా ఫ్యాక్టరీలో ఆ నాలుగోదంటే ఎవరికీ పడదు. ఇక్కడ వాన కురవదు. సముద్రపు ఉప్పు అన్నిటి మీదా పేరుకుంటుంది, కడిగే చుక్క ఉండదు. చలికాలంలో పొగమంచు దిగగానే ఆ ఉప్పు తడిసి, దాని మీద రవ్వలు పాకి, బ్రేకర్ పడిపోతుంది. అందుకని మంచు దిగగానే నాలుగో నాబ్‌ని ఆఫ్‌కి తిప్పేయడం, ఎండలు రాగానే మళ్లీ ఆన్ చేయడం అలవాటు. స్వెట్టర్లు తీయడం, మడిచి పెట్టడం లాంటిదే. అది తప్పని ఎవరికీ తోచలేదు.

మూత తాళంచెవి ఎర్మెలిందా చేతికొచ్చాక ఆ అలవాటు ఆగింది. ఆమె ఆపాక బ్రేకర్ పడడం మొదలైంది. పడినప్పుడల్లా షిఫ్టు బోనస్ తగ్గేది.

“అదిగో, చీకటి మహారాణి వచ్చింది!” అనేవాళ్లు షిఫ్టువాళ్లు.

“దోన్యా ఎర్మే, ఈ వారం మా బోనస్ అంత్యక్రియలు ఎప్పుడు?”

మొదట్లో ఆమె కూడా నవ్వేదట. తర్వాత భోజనాల బల్ల దగ్గర జరిగి చోటిచ్చేవాళ్లు లేకపోయారు. ఉడికించిన బంగాళదుంపలూ, ఎండబెట్టిన లామా మాంసమూ, టీ ఫ్లాస్కూ పట్టుకుని ప్యానెల్ గదిలోనే తినడం మొదలుపెట్టింది. నేను వెళ్లి కూర్చోవాలనే అనుకునేదాన్ని. నా భోజనం వేళంతా రోసియోకి పాలివ్వడంతోనే సరిపోయేది.

ఇక్కడ చలికాలం జూన్‌లోనే. ఆ జూన్‌లో బ్రేకర్ మాటిమాటికీ పడింది. తొట్లలో చేపలు కుళ్లి, రేవంతా కంపు. షిఫ్టు ఫోర్‌మన్ వ్లాదిమిర్ అరనేదా నా ఎదురుగానే ఆమె మీదికొచ్చాడు.

“నీకు దండం పెడతా ఎర్మే, ఆ నాబ్ తిప్పు. మంచు ఎప్పుడూ చూడలేదా నువ్వు?”

“మంచు చూశాను దోన్ వ్లాదిమిర్. ఇది మంచు వల్లేనని చూసిందెవరు? ప్యానెల్ తెరిచి తుడవనివ్వు.”

“తెరవాలంటే కరెంటు ఆపాలి. చేపలు కుళ్లుతుంటే ఆపమంటావా?”

“సాన్ పెద్రో పండగనాడు ఎలాగూ ఆగుతుందిగా.”

“ఊరంతా పడవలెక్కితే నువ్విక్కడ గుడ్డపేలికలు పట్టుకుని కూర్చుంటావా? సరే, నీ ఖర్మ. కానీ ఆ తర్వాత ఒక్కసారి పడిందా, తాళం నాకిచ్చేయాలి. ఇక ఆ నాబ్ సంగతి నేను చూసుకుంటా.”

ఆమె తలూపింది. తాళం అతని చేతికి పోతే చలికాలమంతా ఆ గోడ ఇవతల కాపలా ఉండదు.

పండగనాడు కాగితం పువ్వులు కట్టిన పడవలు జాలర్లని కాచే సాన్ పెద్రో విగ్రహాన్ని ముందు పెట్టుకుని సముద్రం మీదికెళ్లాయి. నాకు అక్కడ నిలవబుద్ధి కాలేదు. రోసియోని ఎత్తుకుని ఫ్యాక్టరీకి వచ్చాను.

“బిడ్డతో లోపలికి రాకు. గడప దగ్గరే ఉండు,” అని అరిచింది ఎర్మెలిందా. సరఫరా ఆపి, ఎవరూ మళ్లీ ఇవ్వకుండా స్విచ్చుకి తాళం వేసి, కరెంటు లేదని మీటరుతో చూసుకుని, నుదుటికి లైటు కట్టుకుని తుడుస్తోంది. బ్యాండు మేళం, పడవల సైరన్లు లోపలిదాకా వినపడుతున్నాయి.

“పండక్కి మీవాళ్లెవరూ దిగి రారా?”

“మా ఊళ్లో ఇప్పుడు మనుషులకంటే తలుపులకి వేసిన తాళాలే ఎక్కువ. అలవాటైపోయిందిలే.” గుడ్డ దులిపి మళ్లీ తుడవసాగింది. “అలవాటైందని కూడా ఎవరితోనూ అనలేదు ఈమధ్య.”

రోసియోని ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకున్నాను.

చాలాసేపటికి పిలిచింది. “అక్కణ్ణుంచే చూడు.”

లైటు వెలుగులో, పిల్లల గదివైపు ప్యానెల్ అడుగున, ఉప్పునీటి పంపుకి వెళ్లే కేబుల్ కనపడింది. ఇనుప రేకు అంచుకి రాసుకుని దాని తొడుగు అరిగిపోయింది. పక్క పలక మీద నల్లటి మచ్చ, చెట్టు వేళ్లలాగా పాయలుపాయలుగా, గోడవైపు పాకుతోంది.

“మంచు ఒట్టి వంకే,” అంది. “కాలుతున్నది ఇదీ.”

కాలిన పలక తీసేసి, కేబుల్ ఆ మేర కోసి మళ్లీ కలిపి, అంచుకి రబ్బరు తొడిగి, మిగతా ఉప్పంతా తుడిచేసరికి పడవలు ఒడ్డుకి చేరాయి. కరెంటిచ్చాక గది మళ్లీ సన్నగా మోగింది. ఆమె నేలమీదే కూర్చుని చల్లారిన టీ తాగింది.

ఆ తర్వాత మంచు ఇంకా దట్టంగా దిగింది. బ్రేకర్ పడలేదు. తాళం ఆమె దగ్గరే ఉండిపోయింది.

“చూశారా, ఈ ఏడు మంచు పలచన,” అన్నాడు వ్లాదిమిర్ భోజనాల దగ్గర. అందరూ అవునన్నారు.

నాకు ఒళ్లు మండింది. పాలిచ్చి, తిన్నగా ప్యానెల్ గదికి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

“కాలిన పలక అతనికి చూపించలేదా?”

“చూపించాను. ‘బాగుంది’ అన్నాడు.” బంగాళదుంప పొట్టు తీస్తోంది. “జరగనిదాన్ని ఎవరు చూస్తారు అమ్మాయ్? నువ్వు చూశావు. చాలదా?”

చాలదని ఆమె ముఖమే చెబుతోంది. గోడ అవతల రోసియో ఏడుపు అందుకుంది. నేను కంగారుగా లేచి జేబులోంచి ఏడుపు మాన్పించే పాలపీక తీశాను.

ఇప్పుడు రోసియో ఎప్పుడు ఏడ్చినా నేను చేసేది, పాలపీక చూసి ఆ రోజు ఎర్మెలిందా చెప్పిందే: “పరిగెత్తు, వద్దనను. కానీ అది నోట్లో పెట్టేముందు బిడ్డని ఒకసారి బాగా చూడు. ఇక్కడ వీళ్లంతా బ్రేకర్ పడగానే మళ్లీ ఎత్తేద్దామనే చూస్తారు. ఎందుకు పడిందో చూడకుండా ఎత్తకు.”