డాక్టరు ముందర అత్త నడక

మా మేనత్త పోయిన వారం ఆళ్ళగడ్డలో చనిపోయింది. నన్ను చిన్నప్పటి నుంచి సాకింది ఆమే. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా తుంటి నొప్పితో ఎన్నేళ్ళు బాధపడిందో చెప్పుకుని పోయారు. ఆ బాధలో నా వాటా ఎంతో వాళ్ళకు తెలియదు.

డెబ్బైల చివర్లో, విగ్రహాలు చెక్కే మా కొట్టంలో బండ జారి నా ఎడమచేయి నలిగిపోయింది. ఉలి పట్టే చేయి. నంద్యాలలో ఎముకల డాక్టరు విరిగిన వేళ్ళలో తీగలు దూర్చి, తొడ మీది చర్మం తెచ్చి అతికించాడు. పొద్దున, సాయంత్రం వేడినీళ్ళలో పెట్టి వంచాలని, బద్ధకిస్తే వేళ్ళు కట్టెల్లా బిగుసుకుపోతాయని చెప్పాడు. వంచే పని అత్త తీసుకుంది. నేలమీద కూర్చుంటే లేవలేదు గనుక, నేను సగం చెక్కి వదిలేసిన పీఠం మీద కూర్చునేది. "దేవుడొచ్చేదాంక ఇది నాదే" అనేది. నొప్పికి నేను కేకలు పెడితే, "అరువప్పా, ఇంకా గట్టిగా అరువు. అరిస్తే బాగా వంగుతాండాయి" అని నవ్వేది.

ఆ డాక్టరు తుంటి అరిగినవాళ్ళ నడక మీద పరిశోధన చేస్తుండేవాడు. నాకు తోడొచ్చిన అత్త బెంచీ మీంచి లేవడానికి పడే తంటా చూసి ఎక్స్‌రే తీయించాడు. తర్వాత పాదాలు తడిపించి వరండాలో నాపరాళ్ళ మీద నడవమన్నాడు. తడి అడుగుల చుట్టూ సుద్దముక్కతో గీసి కొలుచుకునేవాడు. నడక బాగా చెడినవాళ్ళను ఆపరేషన్‌కు మద్రాసు పంపేవాడు.

ఇంట్లో గోడ పట్టుకుని ఒక పక్కకు ఒరిగి నడిచే మనిషి, ఆ రోజు కొంగు నడుముకు దోపి, పేరంటానికి పోతున్నట్టు తిన్నగా నడిచింది. డాక్టరు ఎక్స్‌రేను ఒకసారి, ఆమెను ఒకసారి చూశాడు. "ఎముక ఇంత అరిగినా నడక చెడలేదు. ఇట్లాంటి మనిషిని నేను చూడలేదమ్మా" అన్నాడు. వెళ్ళిన ప్రతిసారీ నడిపించి, ఆమె గురించి ప్రత్యేకంగా రాసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె ముఖమంతా చెమట.

"ఎందుకత్తా అట్లా నడిచినావ్? నొప్పి ఉందని చెప్పొచ్చు గదా" అన్నాను.

"చెప్తే ఆయప్ప నన్ను మద్రాసుకు పంపుతాడు. ఆడ నేను పండుకుంటే ఈడ నీ ఏళ్ళు ఎవురు వంచుతారు? నువ్వు నోరు మూసుకో."

మూసుకున్నాను. ఎంత సులభంగా మూసుకున్నానో తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది. పాపం ఆ డాక్టరు, ఆమెకు లేని నడకను నమ్మి రాసుకుంటుంటే పక్కనే నిలబడి చూశాను. వేళ్ళు బాగై మళ్ళీ ఉలి పట్టాకైనా చెప్పాల్సింది. "ఇప్పుడన్నా పోదాం అత్తా" అని నేను అన్న మాట నిజమే. "పని చూసుకోప్పా" అంటే పనే చూసుకున్నాను. ఇంతలో డాక్టరు బదిలీ అయి వెళ్ళిపోయాడు. అత్త గోడ వదిలి కర్ర పట్టింది, కర్ర వదిలి మంచం పట్టింది. ఇన్నేళ్ళుగా నేను తిన్న కూడు ఆమె వంచిన వేళ్ళు పెట్టిందే.

ఆమె చనిపోయిన రోజు స్నానం చేయించి పడుకోబెడితే కుడికాలు తిన్నగా సాగలేదు. మోకాలు పైకి లేచే ఉంది.

"తిన్నగా ఒత్తప్పా, చూసేదానికి బాగుండదు" అన్నాడు వీధిలో ఒక పెద్దాయన.

మోకాలి మీద ఎడమచేయి వేశాను. ఆమె వంచిన వేళ్ళన్నీ దాని చుట్టూ చక్కగా వంగాయి. ఒత్తలేకపోయాను.

"వద్దులే, అట్లే ఉండనీ" అన్నాను.

పాడె మీద ఆ కాలు అట్లే వంగి, కప్పిన తెల్లబట్టను పైకెత్తి పట్టుకుని పోయింది.