ముక్కు మోటరుకు నేను చేసిన రిపేరు

ఆ రోజుల్లో మేడ్చల్ చుట్టుపక్కల మోటరు విప్పి మళ్లీ బిగించగలిగిన వాడికి డాక్టరుకు ఉన్నంత మర్యాద ఉండేది. పొలంలో అడుగు పెట్టగానే మంచం వాల్చేవారు, చాయ్ తెప్పించేవారు, మోటరు చుట్టూ రోగి బంధువుల్లా నిలబడి మన మొహంలోకి చూసేవారు. ఇరవై రెండేళ్లకే అంత మర్యాద దొరికితే ఏ మనిషైనా తనకు అన్నీ తెలుసనుకుంటాడు. నేనూ అనుకున్నాను. షామీర్‌పేట వైపు ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. కుడి ఏదో ఎడమ ఏదో తెలియని పడవ డ్రైవరు, ఒక పెద్దమనిషిని బురదలో కూర్చోబెట్టిన కథ. చెప్పేవాళ్లు బాగా చెబుతారు, వినేవాళ్లు పడి పడి నవ్వుతారు. నేనూ ఎన్నోసార్లు వాళ్లతో కలిసి నవ్వాను (ఆ నవ్వుకే ఇప్పుడు ఎక్కువ సిగ్గుపడుతున్నాను). ఆ డ్రైవరుకు కుడి ఎడమలు మనందరికంటే బాగా తెలుసు. ఏమీ తెలియని మనిషి వేరే ఉన్నాడు. వాడు నేనే.

మేడ్చల్ రోడ్డు మీద మా మేస్త్రి దుకాణంలో మోటర్లకు వైండింగు చేసేవాణ్ణి. మాకొచ్చే పనులు రెండే రకాలు: బోరు మోటర్లు, ట్రాక్టర్లను స్టార్టు చేసే సెల్ఫ్ మోటర్లు. బోరు మోటరులో మాకు బాగా పేరు తెచ్చిన జబ్బు ఒకటుంది. లైన్‌మన్ స్తంభం మీద వైర్లు అటూ ఇటూ మార్చి వెళ్లిపోతాడు, దాంతో కింద మోటరు ఉల్టా తిరుగుతుంది, నీళ్లు సరిగా రావు. రైతు గుండె బాదుకుంటూ పరుగెత్తుకొస్తాడు. మేము వెళ్లి గంభీరంగా మొహం పెట్టి, మూడు వైర్లలో ఏవో రెండింటిని ఒకదాని చోట ఒకటి కలుపుతాం. అంతే, నీళ్లు ధారగా దూకుతాయి. "నీ చేతుల ఏదో ఉన్నది తమ్మీ" అని రైతు కళ్లు తుడుచుకుంటాడు. అలా నూరు మోటర్లు చేశాక నా బుర్రలో ఒక సూత్రం స్థిరపడిపోయింది: నీళ్లు రావలసిన చోటికి రాకపోతే రెండు వైర్లు మార్చు. ఈ సూత్రమే కొంప ముంచింది.

షామీర్‌పేట చెరువు ఒడ్డున కొత్తగా ఒక రిసార్టు కడుతున్నారు. అప్పటిదాకా ఆ వైపు జనం చూసినవి కాళ్లతో తొక్కే పడవలే. రిసార్టువాళ్లు బొంబాయి నుంచి ఇరవై మంది పట్టే పాత పడవ ఒకదాన్ని లారీ మీద తెప్పించారు. దాని ముక్కు దగ్గర, నీటి మట్టానికి కింద, ఈ పక్క నుంచి ఆ పక్కకు గొట్టంలా ఒక రంధ్రం. అందులో చిన్న ఫ్యాను. దాన్ని తిప్పడానికి పైన బ్యాటరీ మోటరు. డ్రైవరు ముందు రెండు బటన్లుంటాయి, కుడి బటను ఒత్తితే పడవ ముక్కు కుడికి జరుగుతుంది, ఎడమది ఒత్తితే ఎడమకు. గాలి తోస్తున్నప్పుడు పడవను మెల్లగా గట్టుకు చేర్చడానికి ఆ ఏర్పాటు. దాని అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అందరూ ముక్కు మోటరు అనేవారు.

ఆ పడవకు డ్రైవరు అలియాబాద్ ఊరి చాచా. చిన్నప్పటి నుంచి అదే చెరువులో వల వేసినవాడు, యాభై ఏళ్లుంటాయి. పడవ దిగిన రోజు నుంచే జనం ఆయన్ని కెప్టెన్ చాచా అన్నారు. ఆయన భార్య, పాత తెల్ల చొక్కాకు భుజాల మీద నల్ల పట్టీలు కుట్టి ఇచ్చింది. ఆ చొక్కా వేసుకుని చాచా నడుస్తుంటే చెరువు మొత్తం ఆయన పేరు మీదే ఉన్నట్టుండేది.

ప్రారంభానికి ముందు రోజు, శుక్రవారం, ముక్కు మోటరు పని చేయడం మానేసింది. రిసార్టు మేనేజరు మా దుకాణానికి పరుగెత్తుకొచ్చాడు. మేస్త్రి నన్ను పక్కకు పిలిచి, "చూడు బిడ్డా, గీ పని సక్కగ జేసినవంటె సూరారంల పెట్టే కొత్త దుకాణం నీ చేతిల వెడ్త. పేరు ఖరాబు జేయకు" అన్నాడు. సూరారం దుకాణం అంటే నాకు అప్పట్లో ఒక సింహాసనం. టెస్ట్ ల్యాంపు జేబులో పెట్టుకుని బయలుదేరాను.

రోగ నిర్ధారణ బ్రహ్మాండంగా చేశాను (ఇంతవరకు నన్నెవరూ వేలెత్తి చూపలేరు). బటను ఒత్తితే మోటరుకు కరెంటు వదిలే రిలే టక్కుమంటోంది కానీ మోటరు కదలడం లేదు. బ్యాటరీ దగ్గర కరెంటు నిండుగా ఉంది, మోటరు దగ్గర ల్యాంపు పెట్టి బటను ఒత్తితే దీపం గుడ్డిగా మిణుకుమంటోంది. అంటే దారిలో ఎక్కడో పోతోంది. లావు కేబులు చివర బోల్టు కింద చూస్తే పచ్చగా చిలుం. గీకి, రుద్ది, గట్టిగా బిగించాను. మోటరు విప్పితే లోపల కార్బన్ బ్రష్‌లు అరిగి మొండి పెన్సిల్ ముక్కల్లా ఉన్నాయి. ట్రాక్టరు సెల్ఫ్ మోటరు బ్రష్‌లు తెచ్చి, ఆకురాయితో అరగదీసి కూర్చోబెట్టాను. పడవ ముక్కు మీద బోర్లా పడుకుని నీళ్లలోకి చూస్తూ, కుడి బటను ఒత్తమని రిసార్టు వంటాయనకు చెప్పాను. ఝుమ్మని తిరిగింది! నా ఛాతీ ఉబ్బింది. మరుక్షణం నా కళ్లు నీటి మీద పడ్డాయి. కుడి బటను ఒత్తితే నీళ్లు ఎడమ పక్కకు చిమ్ముతున్నాయి.

"ఉల్టా తిరుగుతాంది!" అన్నాను.

"నాకేం తెల్సు, అవతల పప్పు మాడుతాంది" అని వంటాయన వెళ్లిపోయాడు.

నీళ్లు ఎడమకు తన్నితే పడవ కుడికి పోతుందని తెడ్డు పట్టిన ఎవరికైనా తెలుసు. నేను తెడ్డు పట్టలేదు, బోరు మోటర్లు పట్టాను. పడవను ముందూ వెనకా తాళ్లతో గట్టుకు బిగించి కట్టారు కాబట్టి అది కదిలి నాకు బుద్ధి చెప్పే అవకాశమూ లేదు. నూరు పొలాల అనుభవంతో, బటన్ల నుంచి వచ్చే రెండు సన్న వైర్లను ఒకదాని చోట ఒకటి పెట్టి బిగించేశాను.

నమాజుకు వెళ్లిన చాచా అప్పుడే తిరిగొచ్చాడు. "తాళ్లిప్పు మిస్త్రీ, ఒక్క చక్కర్ కొట్టొస్త" అన్నాడు.

"అద్దు చాచా. కొత్త బ్రష్‌లు, రేపటిదాక కుదురుకోవాలె. బ్యాటరీ గూడ దిగుతది. నాది గ్యారంటీ."

"నీ గ్యారంటీ సరే బేటా, పడవ నేను గదా తోలేది?"

"నూరు మోటర్లు జేసిన చాచా, గిదెంత!"

చాచా నా మొహం చూశాడు, పడవను చూశాడు, సరేనన్నాడు. ఆ ఒక్క చక్కర్ కొట్టనిచ్చి ఉంటే ఈ కథే లేదు.

మర్నాడు బ్యాండు మేళం, షామియానా, చుట్టుపక్కల ఊళ్ల జనం. ప్రారంభించడానికి వచ్చిన పెద్దమనిషిని అందరూ పెద్ద పటేలంటారు. తెల్ల బట్టలు, మెడలో మోకాళ్ల దాకా బంతిపూల దండ. పడవ చెరువులో ఒక చుట్టు తిరిగి గట్టు వైపు వస్తుంటే ఆయన ముక్కు మీద నిలబడి జనానికి చేయి ఊపుతున్నాడు. దిగాల్సిన గట్టు కుడి పక్కన ఉంది. చాచా కుడి బటను ఒత్తాడు. ముక్కు ఎడమకు జరిగింది. గాలి తోసిందనుకుని చాచా మళ్లీ ఒత్తాడు. ఇంకా ఎడమకు. "దాయాఁ! దాయాఁ! కుడికి!" అని ఆయన పడవను బతిమాలుతుంటే, పడవ నా మాట విని నింపాదిగా ఎడమ ఒడ్డున పడుకున్న గేదెల మంద వైపు నడిచింది. బురదలో దిగబడి ఠక్కున ఆగింది. పెద్ద పటేలు మాత్రం ఆగలేదు. ఊపుతున్న చేయి ఊపుతున్నట్టే ఉండగా ముందుకు వెళ్లి మోకాళ్ల లోతు బురదలో కూర్చున్నాడు. ఆయనకు దెబ్బ తగల్లేదు. కానీ పక్కనే ఉన్న గేదె, ఇంత దూరం వచ్చిన అతిథిని కాదనలేక, ఆయన మెడలోని బంతిపూలు తినడం మొదలుపెట్టింది. బ్యాండువాళ్లకు ఏం చేయాలో తోచక ఇంకా గట్టిగా వాయించారు.

మేనేజరు గట్టు మీద నుంచే అరిచాడు. "ఏయ్, కుడేదో ఎడమేదో తెల్వదా నీకు?"

"అల్లా కసమ్ సాబ్, కుడి బటనే ఒత్తిన!"

జనం గొల్లున నవ్వారు. మేనేజరు నా వైపు తిరిగి, "ఏం మెకానిక్కూ, వైరింగు ఎట్లున్నది?" అన్నాడు.

పడవ ముక్కు ఎడమకు జరిగిన క్షణంలోనే నాకు అంతా అర్థమైపోయింది. చెప్పడానికి నోరు కూడా తెరిచాను. సూరారం దుకాణం కళ్ల ముందు కదిలింది. "వైరింగు పర్‌ఫెక్టు సార్" అన్నాను.

ఆ సాయంత్రం, తనిఖీ చేస్తానని చెప్పి ఒక్కణ్ణే పడవెక్కి, ఆ రెండు వైర్లను మళ్లీ పాత చోట పెట్టేశాను. తప్పు దిద్దుకున్నాననే అనుకున్నాను. నిజానికి చాచా మెడకు ఉరి బిగించాను. రెండో రోజు నుంచి పట్నం నుంచి వచ్చిన కొత్త డ్రైవరు చేతిలో పడవ వెన్నలా నడిచింది. ఇంకేం, తప్పంతా చాచాదేనని రుజువైపోయింది. ఆయన్ని గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు.

వారం తర్వాత ట్యూబులైట్లు బిగించే పని మీద రిసార్టుకు వెళ్లాను. గేటు దగ్గర చాచా కుడి చేతి మణికట్టుకు ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంది.

"దెబ్బ తాకిందా చాచా?"

"లేదు బేటా." ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "గిది కుడి అని గుర్తుకు కట్టుకున్న. అన్నం తినే చెయ్యి గదా, ఎట్ల మర్చిపోతినో సమజైతలేదు. మా అబ్బాకు గూడ ఆఖరి దినాలల్ల మతి తప్పింది. ఇంటిదాన్ని గుర్తు పట్టకుంటుండె. నాకూ గట్లనే షురూ అయ్యిందేమోనని పరేషాన్ అయితాంది."

నా చేతిలో ట్యూబులైటు ఉంది కాబట్టి సరిపోయింది, లేకుంటే అక్కడే తల బాదుకునేవాణ్ణి. దాన్ని గోడకు ఆనించి, నిలబడ్డ చోటే అంతా చెప్పాను. వంటాయన పప్పు సంగతితో సహా చెప్పాను. చాచా పళ్లతో పట్టి ఆ పీలిక ముడి విప్పాడు. "అయితే నేను పాగల్ గాలె" అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. మొహం వెలిగింది. ఆ వెలుగు ఉండగానే నా చెంప ఛెళ్లుమంది.

"గిది నాకెందుకు జెప్తున్నవ్? నాకు తెల్సి ఏం ఫాయిద? పో, ఆల్లకు జెప్పు!"

మేనేజరు నమ్మలేదు. పాత మనిషి మీద జాలితో చెబుతున్నావన్నాడు. నేను వైర్లు మార్చి, మీరే తోలి చూడండన్నాను. ఆయన టై సర్దుకుని చక్రం ముందు నిలబడ్డాడు. కుడి ఒత్తాడు, పడవ ఎడమకు పోయింది. మళ్లీ ఒత్తాడు. చదువుకున్న మనిషి కదా, బటను మీద ఎక్కువ నమ్మకం, ఒత్తుతూనే ఉన్నాడు. గేదెలు తలెత్తి, ఈ పడవను ఎరిగినట్టే పక్కకు జరిగి చోటిచ్చాయి. ఈసారి బురదలోకి దూకి పడవను నెట్టింది నేనూ చాచానే. నెడుతున్నంతసేపూ చాచా నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాటికి వైర్లు పాత చోటికి వచ్చాయి, చాచా మళ్లీ చక్రం పట్టాడు. ఒక్క షరతు పెట్టాడు: వారం రోజులు మొదటి చక్కర్‌లో పడవ ముక్కు మీద, పెద్ద పటేలు నిలబడ్డ చోట, నేను నిలబడాలి. నిలబడ్డాను. మేస్త్రికి కూడా నేనే వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు బీడీ తాగి, "ఉన్నదున్నట్టు జెప్పినవ్ గదా, దుకాణం నీకే. గని బోర్డు మీద పడవల రిపేరని మాత్రం రాయకు" అన్నాడు.

అయితే ఆ రోజు గట్టు మీద నవ్విన వాళ్లు వందల మంది, నేను నిజం చెప్పింది ముగ్గురికి. కథ మాత్రం వందల మంది వైపే తిరిగింది. సుచిత్ర చౌరస్తా దగ్గర చాయ్ హోటల్లో ఎవరో చెబితే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. కొన్నేళ్లకు చాచా చిన్న కూతురి పెళ్లి అలియాబాద్‌లో జరిగింది. అప్పటికి నా దుకాణానికి మంచి పేరొచ్చింది. భోజనాల దగ్గర ఒకాయన మళ్లీ అదే కథ ఎత్తుకున్నాడు. ఈసారి నేను లేచి నిలబడి, తప్పు నాదని, వైర్లు మార్చింది నేనని, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అందరూ తినడం ఆపి విన్నారు. అప్పుడు ఒక ముసలాయన తల ఊపి, "ఎంత మంచోనివి బిడ్డా! పెండ్లి తండ్రి ఇజ్జత్ కోసం నీ మీద ఏసుకుంటున్నవ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అవునవునన్నారు. ఒకాయన నా ప్లేటులో ఇంకో ముక్క వేశాడు.

"చాచా, నువ్వన్న జెప్పు!" అన్నాను.

చాచా గడ్డం నిమురుకుని, పెద్దమనిషి తరహాలో మొహం పెట్టాడు. "ఏం జెప్పాలె? మా మిస్త్రీ దిల్ మస్తు పెద్దది" అన్నాడు. ఇంకోసారి అందరూ అవునన్నారు. తర్వాత నా పక్కకు వచ్చి కూర్చుని, చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "నిజం జెప్తె ఒక్కడన్న నమ్మకుంటె ఎట్లుంటదో గిప్పుడు తెల్సిందా? ఇగ తిను, సల్లగైతాంది."

తిన్నాను. నోటితో చెబితే మంచితనం అంటగడుతున్నారు కాబట్టి ఇలా కాగితం మీద పెట్టాను. పడవ ముక్కు మీద బోర్లా పడుకుని నీళ్లకేసి చూస్తున్న ఆ ఇరవై రెండేళ్ల వాడు అప్పుడప్పుడు నాకు గుర్తొస్తాడు. వాడి మీద ఇప్పుడు కోపం లేదు. దగ్గరికి వెళ్లి, "ఆ తాళ్లు ఒక్కసారి విప్పి చూడరా నాయినా" అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడని కూడా తెలుసు. నూరు మోటర్లు చేసినవాడు.