మోటారు పెట్టె తాళం

ప్రపంచం అంతమైపోయే సినిమాల్లో ఎవరూ టమోటా నారు పోయరు. అదే నాకు ఒళ్లు మంట. ఇసుకలో పాత లారీలు పరిగెత్తిస్తారు, గుక్కెడు నీళ్ల కోసం కాల్చుకుంటారు. హీరో ఎవర్నీ నమ్మడు. నమ్మకపోవడమే మగతనం అన్నట్టు పళ్లు బిగించుకుని తిరుగుతాడు. మా ఆయనకు అవంటే పిచ్చి. పత్తికొండ దగ్గర మా చేలో కూర్చుని కూడా ఫోనులో అవే చూస్తాడు.

ఆ ఎండాకాలం పక్క చేనివాళ్ల బోరు ఎండిపోయింది. వాళ్ల టమోటా తోట అప్పుడే పూతకొచ్చింది. ఇలాంటప్పుడు మా వైపు బోరున్నవాళ్లు వంతు నీళ్లిస్తారు. మోటారు పెట్టె తాళంచెవి కొట్టంలో మేకుకు వేలాడుతుంది. కరెంటు రాగానే వంతున్నవాళ్లు తీసుకుని మోటారు వేసుకుంటారు. కాపలా ఎవరూ ఉండరు.

ఒక పొద్దున పక్క చేని అక్క వచ్చి గట్టు మీదే నిలబడిపోయింది.

"బీగంచెవి యాడ పెట్టినారు చెల్లీ? మేకుకు లేదే," అంది, అడగడానికే సిగ్గుపడుతూ.

చూస్తే అది మా ఆయన మొలతాడుకు ఉంది!

"ఏమయ్యా, ఇదేం పని?"

"నీళ్లు తగ్గిపోతాండాయి. రేపు మన బోరు ఎండితే ఎవడొస్తాడు? ఈ కాలంలో ఎవర్నీ నమ్మకూడదు."

అచ్చం ఆ సినిమా మాటే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మన మోటారు బోర్లోకి దించినపొద్దు పైపులు పట్టుకునింది ఎవురు? ఈ అక్కోళ్లు కాదా? రేపు మోటారు కాలితే మీ హీరో వచ్చి ఒక్కడే పైకి లాగుతాడా?"

"ఆడదానివి, నీకేం తెలుసు!"

ఇక మాటలెందుకు? గడ్డపార తెచ్చి తాళం ఊడగొట్టాను. అక్క వద్దు వద్దంటూనే ఉంది. స్విచ్చి కూడా నేనే వేశాను. వాళ్ల సాళ్లలోకి నీళ్లు పారుతుంటే, ఎవరొచ్చి ఆపుతారో చూద్దామని గట్టు మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆ పొద్దు నుంచి వాళ్ల వంతు తప్పలేదు, మా ఆయన నాతో మాట్లాడనూ లేదు.

తొలి కోత కోసినరోజు అక్క ఒడి నిండా టమోటాలు తెచ్చి పోసింది. ఆ మధ్యాహ్నం పప్పు చేసి, సంగటితో మా ఆయన ముందు పెట్టాను. ఫోనులో హీరో ఒక్కడే ఇసుకలో నడిచిపోతున్నాడు.

"ఈయప్పకు కూడెవరు వండుతారు?" అన్నాను.

ఆయన ఫోను ఆపేశాడు. పప్పు వైపు చూశాడు. శానా దినాలకు నోరు విప్పాడు.

"పెట్టెకు కొత్త బీగం తెచ్చేదా?"

"తే. గడ్డపార ఈడనే ఉండాది."