ఎడమ స్పీకరు

నా చెవుల గురించి నాకు చాలా గొప్ప అభిప్రాయం ఉండేది. దాన్ని నలుగురితో పంచుకునే అలవాటు కూడా ఉండేది. బ్యాంకు ఉద్యోగం మీద సూరత్‌కి బదిలీ అయి వచ్చిన కొత్తలో, మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ముందు మంచినీళ్లు, తర్వాత నా పాత రికార్డు ప్లేయర్ల దర్శనం, అప్పటికీ కూర్చునే ఉంటే కాఫీ. కాఫీ దాకా ఆగినవాళ్లు తక్కువ.

"ఫోనులో వినేది పాట కాదండీ, పాటకు తీసిన ఎక్స్‌రే" అనేవాణ్ణి. ఈ వాక్యం నా సొంతం. నేనది మొదలుపెట్టగానే మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి మిక్సీ ఆన్ చేసేది.

ఇంట్లో అప్పటికే రెండు ప్లేయర్లున్నాయి. మూడోది ఊళ్లోనే, వరాఛా పేటలో దొరికింది. అది మామూలు ప్లేయరు కాదు, రేడియోగ్రామ్. రేడియో, రికార్డు ప్లేయరు, కుడి ఎడమల రెండు స్పీకర్లు, అన్నీ ఒకే టేకు పెట్టెలో ఇమిడి, నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. అడ్డంగా కొలిస్తే పొడుగు దాదాపు నా అంత. వజ్రాల పనిలో ఉన్న ఒక కుటుంబం ఫ్లాటు ఖాళీ చేస్తూ దాన్ని వదిలించుకుంటోంది. నేను వెళ్లి మూత ఎత్తితే రికార్డు తిరగాల్సిన చోట ఆ ఇంటి చెప్పులన్నీ ఉన్నాయి. ఇంటాయన వాటిని ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ, నిజంగానే తీసుకెళతారా అని హిందీలో రెండుసార్లు అడిగాడు. లిఫ్టులో పట్టకపోతే ఐదంతస్తులూ తానే ఒక కొస పట్టుకుని దింపాడు. అంత ఉత్సాహంగా సరుకు మోసిన అమ్మకందారుణ్ణి నేను మళ్లీ చూడలేదు.

హాల్లో దాన్ని దించగానే మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"బాగుందండీ. మరి మనం ఎక్కడుందాం?" అంది.

చెక్క నిగనిగలాడేలా పాలిష్ చేయించాను. రేడియో పలకలేదు, సరే. రికార్డు మాత్రం తిరిగింది, కానీ నిదానంగా. గాయని పాడితే గాయకుడు పాడినట్టుండేది. గాయకుడు పాడితే జలుబు చేసిన గేదె గుర్తొచ్చేది. నేను భయపడలేదు. నెల రోజులు వీడియోలు చూశాను. పేర్లు పలకడం రాని పనిముట్లు తెప్పించాను. ఒక ఆదివారం పెట్టె వెనక చెక్క విప్పి, కదిలే ప్రతి భాగానికీ దండిగా నూనె పోశాను. సాయంత్రానికి నా కృషి ఫలించింది. నిదానంగా తిరిగేది పూర్తిగా ఆగిపోయింది.

ఆ తర్వాతి వారం మా బ్రాంచికి ఒక పెద్దాయన కాగితాల పని మీద వచ్చాడు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలోనే వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడి మరమగ్గాల కార్ఖానాల్లో పనిచేస్తున్నాడు. నేసేవాడిగా మొదలై, చెడిపోయిన మగ్గాలు బాగుచేసే మేస్త్రీ అయ్యాడు. ఊరి చివర కోసాడ్‌లో ఉంటున్నాడు. ఆ మగ్గాల మోత ఆయన చెవుల్ని దాదాపు తినేసింది. పుట్టిన తేదీ అడగడానికి నేను పెట్టిన కేకలకు మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు.

నా బల్ల మీది ఫోనులో రేడియోగ్రామ్ లోపలి ఫోటో తెరిచి ఉంది. పెద్దాయన దానికేసి వంగాడు.

"గిదేంది సారూ? మగ్గం మోటర్ లెక్క లేదు."

పాటల పెట్టె అని, తిరగడం లేదని అరిచి చెప్పాను. బ్యాంకులో అందరికీ తెలిసిపోయింది.

"ఐతారం నాకు సుట్టీ. జర చూస్త తియ్యి" అన్నాడు.

చెవులు సరిగా వినపడని మనిషి సంగీతం పెట్టె చూస్తాడట. మర్యాద కోసం సరేనన్నాను. నా మర్యాద ఎప్పుడూ అలాంటిదే.

ఆదివారం పొద్దున్నే ఆయన చిన్న రేకు డబ్బాతో వచ్చాడు. అందులో రెండు స్క్రూడ్రైవర్లు, ఒక గుడ్డ, గరుకు కాగితం ముక్క, స్పిరిట్, కిరసనాయిలు, నూనె చిన్న సీసాలు. నా పనిముట్ల పెట్టెను గౌరవంగా చూసి పక్కకు జరిపాడు. రికార్డు పెట్టే పళ్లెం ఎత్తాడు. దాని కింద మోటారుకూ పళ్లేనికీ మధ్య చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. మోటారు దాన్ని తిప్పితే, అది పళ్లెం అంచును రాసుకుని దాన్ని తిప్పుతుంది. ఆయన ఆ చక్రాన్ని వేలితో తాకి, వేలు నా ముందు పెట్టాడు. నూనె.

"ఎవడు సారూ గీ రబ్బరుకు నూనె పోసింది? గిది పట్టుకోవాలె గదా, జారితే పళ్లెం ఎట్ల తిరుగుతది?"

"వరాఛావాళ్లు" అన్నాను వెంటనే.

"ఈయనే పోశారు బాబాయిగారూ" అని వంటింట్లోంచి మా ఆవిడ అరిచింది. ఇన్నేళ్ల కాపురంలో తను అంత స్పష్టంగా మాట్లాడటం నేను వినలేదు. ఆయనకు కూడా వినపడింది.

ఆయన నవ్వలేదు. చక్రాన్ని స్పిరిట్‌తో తుడిచి, గట్టిపడిన అంచును గరుకు కాగితంతో నిదానంగా రుద్దాడు. మోటారులో ఎండిపోయిన పాత గ్రీజును కిరసనాయిలుతో కడిగి, ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క నూనె వేశాడు. స్విచ్ వేస్తే పళ్లెం తిరిగింది. రికార్డు పెట్టాను. గాయని గాయనిలాగే పాడింది.

నేను కళ్లు మూసుకుని, తల ఆడిస్తూ, "ఆహా, ఏం నిండుదనం!" అన్నాను.

కళ్లు తెరిచేసరికి ఆయన నేల మీద కూర్చుని రెండు అరచేతులూ పెట్టెకు చెరో వైపు ఆనించి ఉన్నాడు. కాసేపటికి అటూ ఇటూ జరిగి ఒక్కో చేత్తో మళ్లీ చూశాడు.

"ఎడమ దిక్కుది పలుకుతలేదు సారూ."

"పలుకుతోంది కదండీ" అన్నాను నవ్వుతూ.

"నీ చెయ్యి పెట్టు."

పెట్టాను. కుడివైపు చెక్క సన్నగా అదురుతోంది. ఎడమవైపు గోడలా ఉంది. ఇంతసేపూ నేను మెచ్చుకున్న నిండుదనం సగం పెట్టెది. ఆయన వెనక్కి పాక్కుంటూ వెళ్లి, ఊడిన తీగ ఒకటి వెతికి బిగించాడు. అప్పుడు హాలంతా నిండింది. వంటింట్లో మిక్సీ ఆగింది. మా ఆవిడ తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడి పాట అయిపోయేదాకా కదల్లేదు. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. రెండిట్లో ఏది ముందో చెప్పలేను.

"చెవి మిషను పెట్టుకోరా?" అని కాగితం మీద రాసి అడిగాను.

"ఉన్నది సారూ, డబ్బాల పెట్టిన. అది పెట్టుకుంటే ఖార్ఖానా ఇంకింత గట్టిగ వినవడుతది. గదెందుకు నాకు?"

మళ్లీ వచ్చినప్పుడు భార్యను వెంటబెట్టుకొచ్చాడు. పాటలంటే ఇష్టం ఆమెకేనట. ఆమె సోఫాలో కూర్చుని వింటూ, ఏ పాట వస్తోందో పెదవులు కదిపి చెప్పేది. ఆయన పెట్టె మీద చెయ్యేసి, "ఆ, తెలిసింది" అనేవాడు. వీళ్ల కోసం రికార్డులు మార్చే ఉద్యోగం నాది. "నిండుదనం" అన్న మాట అప్పటినుంచి నా నోట రాలేదు. మా ఆవిడ మాత్రం పాయసం గురించి ఆ మాట అప్పుడప్పుడూ నా వైపు చూస్తూ అంటుంది.

సూరత్ దగ్గర కిమ్ అనే ఊళ్లో ఇంకో రేడియోగ్రామ్ ఉందని తెలిస్తే ఆయన్ను తోడు తీసుకెళ్లాను. ఆయన స్విచ్ వేయించి, చెయ్యి ఆనించి, వాసన చూసి, "వద్దు సారూ. లోపల కాలింది, గిది లేవదు" అన్నాడు. కానీ దాని స్పీకర్ల ముందుండే జాలీ చాలా అందంగా ఉంది. నేను ఆయనకు అరగంట సేపు అరిచి అరిచి వివరించి, కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే ట్రాన్స్‌ఫార్మరు బొగ్గు. ఇప్పుడది బాల్కనీలో ఉంది. ఎండ బాగా పడుతుంది కాబట్టి మా ఆవిడ దాని మీద ఒడియాలు పెడుతోంది.