పసుపు మరక మీద నా కెమిస్ట్రీ

మొన్న శనివారం పొద్దున్నే నేనూ, మా అత్తా, మా ఆయనా ముగ్గురం వీధిలో నిలబడుకోని ఒకటే దగ్గు. మా ఆయన ఒంటిమీద టవల్ తప్ప ఇంకేమీ లేదు. ఎదురింటి రెడ్డెమ్మక్క ముగ్గేసేది నిలిపేసి, "ఏం మే, గ్యాస్ లీకా?" అని అరిసింది.

"గ్యాసే అక్కా! కానీ సిలిండర్‌ది కాదు!" అన్నాను. అంతకుమించి చెప్పేదానికి గొంతు లేదు.

యాల అట్లయిందో చెప్తాను, నవ్వకుండా వినండి. సరే, నవ్వండి గానీ టీ మీద పోసుకోవద్దండి.

ముప్పై ఆరేండ్లకు దూరవిద్యలో డిగ్రీ కట్టినాను గదా. డిగ్రీ ఉంటే నా మాదిరి అంగన్‌వాడీ టీచర్లకు సూపర్‌వైజర్ పోస్టుకు రాసుకునే అవకాశం ఉంటాదని ఆశ. ఆర్ట్స్ తీసుకో, సుళువుగా పోతాదని అందరూ చెప్పినారు. నేను వింటేనా! సైన్సే కావాలంటిని. ఆదివారం మదనపల్లెలో కెమిస్ట్రీ ఫైనల్ పరీక్ష. శనివారం పొద్దున ఆఖరి రివిజన్.

నాకు జతగా చదివేది కుప్పం శైలజ. మదనపల్లెలో క్లాసులకు పోయినప్పుడు పరిచయం. ఆమె కుప్పంలో పుస్తకం పట్టుకోని వీడియో కాల్‌లో ప్రశ్నలడుగుతాది, నేను ఈడ పుంగనూరులో వంట చేస్తా జవాబులు చెప్తాను. అదీ మా పద్ధతి.

అదే రోజు మా ఆయనకు పాల సొసైటీ మీటింగు. ఈసారి ఆయన్నే ప్రెసిడెంటుగా నిలబెడతామన్నారు ఊర్లోవాళ్లు. దానికోసమే కొత్తగా తెల్ల సొక్కాయి కుట్టించుకున్నాడు. ఇస్త్రీ చేయించి తెచ్చి, ఇల్లంతా వదిలేసి, వంటింటి తలుపు మేకుకే తగిలించినాడు! "ఈడ యాల పెట్టినావప్పా?" అంటే, "ఈడైతే నలగదులే" అని స్నానానికి పోయినాడు.

నేను చిత్రాన్నం కలపతాండాను. చెయ్యంతా పసుపు, నూనె. ఫోను ఉప్పుడబ్బాకు ఆనించి పెట్టినాను.

"అక్కా, సోడియం పరమాణు సంఖ్య?"

"పదకొండు!"

"మోల్ అంటే?"

"డజను అంటే పన్నెండు గదా, అట్లనే మోల్ అంటే ఒక శానా పెద్ద నంబరు."

"ఆ నంబరెంతక్కా?"

"తర్వాత చెప్తా మే, పప్పు అడుగంటతాండాది."

"పోయిన వారం గూడా అడుగంటతాండాదనే చెప్పినావక్కా!" అని నవ్వింది. "సరే, ఇది చెప్పు. నైట్రోజన్ చివరి కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లు?"

ఇది నాకొచ్చు! "ఐదు!" అని ఐదువేళ్లూ చాపి ఫోనుకు చూపించినాను. ఆ ఊపులోనే, నేను చెప్పింది విన్నావా అత్తా అన్నట్టు వెనక్కి తిరిగినాను. చెయ్యి పోయి తపీమని సొక్కాయి మీద పడింది. జేబు పైన ఐదువేళ్లూ అచ్చు గుద్దినట్టు దిగినాయి.

గడప దగ్గర అనపకాయలు వలస్తా ఉన్న మా అత్త తలెత్తి చూసింది. చేతిలో కాయ మాత్రం వలస్తానే ఉండాది.

"శైలూ, కొంప మునిగింది! సొక్కాయికి పసుపైంది!"

"సబ్బు పెట్టక్కా, పోతాది!"

పరిగెత్తి బట్టల సబ్బు తెచ్చి రుద్దినాను. పోయేది దేవుడెరుగు, పచ్చగున్న ఐదువేళ్లూ ఎర్రగా అయినాయి! మామూలు ఎరుపు కాదు, కోడిని కోసి చెయ్యి తుడిసినట్టు. మరుక్షణం నా బుర్రలో ఏదో వెలిగింది.

"శైలూ! సబ్బు క్షారం! పసుపు క్షారంలో ఎరుపు! ఇండికేటర్ మే, ఇండికేటర్!"

మూడు నెల్లు బస్సెక్కి పోయి సార్ దగ్గర విన్నా బుర్రకెక్కని పాఠం, మా ఆయన సొక్కాయి మీద టక్కున అర్థమైంది. చిత్రాన్నానికి కోసిపెట్టిన నిమ్మకాయ పిండినాను. మళ్లీ పసుపుపచ్చ! సబ్బు రుద్దితే ఎరుపు. నిమ్మకాయ పిండితే పచ్చ. నాకు ఆనందం పట్టలేదు. నాలుగుసార్లు చేసినాను.

"మొగుడి సొక్కాయి చెడిపోతే సంబరపడేదాన్ని నిన్నే చూసినా," అనింది మా అత్త. అనిందే గానీ, అనపకాయల చాట పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. "ఏదీ, ఇంగొకసారి చెయ్యి."

ఇంకోసారి చేసినాను. బాగా చూసింది. "బాగుండాది. కానీ మరక ఆడనే ఉండాది గదే?"

నిజమే. ఉండేది ఒక్కటే కాదు, జేబుమీద ఉండింది ఇప్పుడు కాలరు దాకా పాకిండాది. సరిగ్గా ఆ టయానికి, అంటే మరక ఎరుపు మీద ఉన్నప్పుడు, మా ఆయన టవల్ కట్టుకోని వచ్చినాడు.

"ఏమ్మే ఇది! ఎవురి రక్తం?"

"రక్తం కాదప్పా, క్షారం."

"క్షారమా? వాడెవుడు?"

ఆయనకు పాఠం చెప్పే టైము లేదు. "ఐదు నిమిషాలియ్యి, న్యూట్రల్ చేసి ఇస్తా," అన్నాను. నా లెక్కేమంటే, ఆమ్లం, క్షారం కలిస్తే లవణమూ నీళ్లూ గదా. రెండూ సరిసమానంగా పడితే ఎరుపూ ఉండదు, పసుపూ ఉండదు, మరకే ఉండదు!

"అక్కా, పసుపు పసుపే గదా, అది యాడికి పోతాది?" అని శైలజ ఫోన్లో మెల్లిగా అడిగింది. విన్నానా? వినలేదు. ఇంట్లో ఉన్న ఐదు నిమ్మకాయలూ అయిపోయినాయి. సగం సబ్బు అరిగిపోయింది. న్యూట్రల్ అయినంక ఏ రంగో తెలిసింది. పసుపే!

"మీటింగు పదికే!" అని మా ఆయన తల పట్టుకోని కూచున్నాడు.

అప్పుడు కనపడింది నీళ్లతొట్టి కడిగే బ్లీచింగ్ పౌడర్. దీని ముందర ఏ మరక నిలుస్తాదిలే అనుకోని, బేసిన్లో నిమ్మరసంతో నానతా ఉన్న సొక్కాయి మీద పిడికెడు చల్లి బాగా కలిపినాను. బుస్సుమనింది.

ఆ క్షణమే ఫోన్లో శైలజ, పాపం తన పని తాను చేసుకుంటా, "తర్వాత ప్రశ్న అక్కా. బ్లీచింగ్ పౌడర్ మీద ఆమ్లం పడితే వెలువడే విషవాయువు ఏది?" అనింది.

జవాబు అప్పటికే నా ముక్కులో ఉండాది!

కండ్లు మంట, గొంతు మంట. "బయటికి పాండి!" అని అత్త చెయ్యి పట్టుకోని లాగినాను. ఆయన టవల్ పట్టుకోని మాకంటే ముందే దూకినాడు. వీధిలో మేము దగ్గతా ఉంటే, లోపల్నుంచి శైలజ గొంతు ఒకటే ఇనపడతాండాది. "అక్కా! హలో! క్లోరినక్కా, క్లోరిన్! రెండూ కలపనే కూడదంట! ఈడ పుస్తకంలో చుట్టూ డబ్బా గీసి మరీ రాసిండారు!"

ఆ డబ్బా నేనూ చదివినాను. కింద గీత గూడా కొట్టుకున్నాను.

ముక్కుకు గుడ్డ కట్టుకోని పోయి ఒక్క పరుగులో తలుపులు, కిటికీలు తీసొచ్చినాను. అర్ధగంట అందరం రెడ్డెమ్మక్క అరుగు మీదే. మా ఆయన ఆమె మొగుడి గళ్ల సొక్కాయి అడిగి తొడుక్కున్నాడు. పొట్ట దగ్గర గుండీ పడలేదు. అట్లనే పొట్టకు చెయ్యి అడ్డం పెట్టుకోని మీటింగుకు పోయినాడు.

వాసన పోయినంక మా అత్త ఆ సొక్కాయిని నాలుగు నీళ్లల్లో జాడించి మిద్దెమీద ఆరేసింది. "పసుపు మరక ఎండకు దానంతట అదే పోతాదే. మా అమ్మ కాలం నుంచి తెలిసిందే గదా."

"ఆ మాట ముందే యాల చెప్పలేదత్తా!"

"సదివినదానివి గదా, తెలిసే చేస్తాండావేమో అనుకుంటి."

ఆ పొద్దు పులుపు లేని చిత్రాన్నం తిన్నాము. మధ్యాన్నానికి మరక నిజంగానే పోయింది. బ్లీచింగ్ పడిన జేబు గూడా పోయింది, పట్టుకుంటే చేతికొచ్చేసింది.

ఒంటిగంటకు మా ఆయన మెడలో ఇంత లావు బంతిపూల దండతో దిగినాడు. ప్రెసిడెంటు! "సొక్కాయి గురించి ఎవురన్నా అడిగినారా?" అని భయంభయంగా అడిగినాను. "ఈ దండ కింద సొక్కాయి ఎవురికి కనపడింది?" అన్నాడు. చూడండి ఇంక! ఆ పచ్చ చేతిగుర్తుతోనే పోయుంటే అయిపోయేది గదా!

మరుసటిరోజు మదనపల్లెలో పరీక్ష. ప్రశ్నాపత్రం తీసినాను. నాలుగో ప్రశ్న: 'సూచిక అనగానేమి? ఒక ఉదాహరణ రాయుము.' ఐదు మార్కులు. సూచికంటే మన ఇండికేటరే! నా కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఇంత కష్టపడి నేర్చుకున్న పాఠం, రాయకుండా ఉంటానా? పసుపు రాసినాను, సబ్బు రాసినాను, నిమ్మకాయ రాసినాను, జాగ్రత్తలు రాసినాను. సొక్కాయి బొమ్మ గీసి భాగాలు గూడా గుర్తించినాను: కాలరు, జేబు, మరక. నాలుగు పేజీలు! చేతిరాత గూడా ముత్యాల మాదిరి కుదిరింది.

తలెత్తి చూస్తే పది నిమిషాలే ఉండాయి. మిగిలినవి ఉరుకులు పరుగుల మీద గీకినాను. బయటికొస్తానే శైలజ, "అక్కా, పదిహేను మార్కుల ప్రశ్న రసాయన బంధాలు, సుళువుగా వచ్చింది గదా! ఎంత రాసినావు?" అనింది.

రాసినాను. 'రసాయన బంధాలు' అని హెడ్డింగు రాసినాను. అంతలో బెల్లు కొట్టినారు. అప్పుడు గూడా పేపరిచ్చేయకుండా, హెడ్డింగు కింద స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టొచ్చినాను, నీటుగా ఉంటాదని.