చిన్నదొరగారి చేతిరుమాలు

ఇప్పుడు ఉద్యోగాలకు రకరకాల పేర్లు వచ్చాయి గానీ, ఆ ఎనభైల రోజుల్లో నాకు దొరికిన మొదటి ఉద్యోగానికి అసలు పేరే లేదు. నరసరావుపేటలో డిగ్రీ తప్పి, ట్రంకుపెట్టెతో సహా ఇంటికొచ్చి పడిన నన్ను మా చర్చి అయ్యగారు పిలిచి, “ఒరేయ్, మన మిషన్ బంగళాకి పైదేశం నుంచి ఒక చిన్నదొర వస్తన్నాడు. నీకంటే ఏడాదో రెండేళ్ళో పెద్దంతే. ఆయనతో ఉండు” అన్నారు. ఉండటమే ఉద్యోగం. నీళ్ళు కాచి చల్లార్చడం, బట్టలు ఉతకడం, ఆయన తొక్కే సైకిలు వెనక కూర్చోవడం (తొక్కేది ఆయనే, ఎంత చెప్పినా వినేవాడు కాదు), దారి చూపడం, వీలైతే తెలుగు నేర్పడం. ఈ చివరి పని మాత్రం తిరగబడింది. ఆయన తన దేశంలోనే పాత పుస్తకాలు ముందేసుకుని తెలుగు నేర్చుకొచ్చాడు. నేను “టిఫిన్ తింటారా?” అంటే “నేను ఇప్పుడే భుజించియున్నాను” అనేవాడు. ఇంటరులో తెలుగు పేపరు గండం గట్టెక్కడానికే నానా తిప్పలు పడ్డ నాకు ఆ మాటలు వింటుంటే మళ్ళీ పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉండేది.

మా ఊరు రెంటచింతలకు అవతల. అక్కడి ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు. చిన్నదొర తెల్లారకముందే లేచి ప్రార్థన చేసుకుని, వరండాలో కాళ్ళూ చేతులూ ఊపుతూ కసరత్తు చేసేవాడు. అది చూడటానికి పాలు తెచ్చే ఆమె కూడా చెంబు కింద పెట్టి నిలబడేది. తరవాత జొన్నన్నం, గోంగూర పచ్చడి. కళ్ళవెంటా ముక్కువెంటా ధార కడుతుంటే “మిక్కిలి రుచికరముగా ఉన్నది” అని రెండోసారి వడ్డించమనేవాడు. నాలుగు నెలల్లో సగమయ్యాడు. ఆయన పంట్లాం నడుముకు నిలవక, మా నాన్న బెల్టు తెచ్చి కొత్తగా చిల్లులు పొడవాల్సి వచ్చింది.

ఈ సంగతి గుంటూరులో ఉండి మా మిషన్ వ్యవహారాలన్నీ చూసే పెద్దదొరగారి చెవిన పడింది. ఆదివారం వచ్చి స్వయంగా చూస్తాననీ, కుర్రవాడు ఈ ఊళ్ళో తట్టుకోలేడనిపిస్తే ఆ సాయంత్రమే జీపెక్కించుకుని తీసుకుపోయి ఆఫీసు పనిలో పెడతాననీ అయ్యగారికి కబురు పెట్టారు. ఆయన పోతే నా ఉద్యోగమూ పోతుంది, అది సరే. కానీ చిన్నదొర అరుగు మీద కూర్చుని “నేను ఇచ్చటనే ఉండగోరుచున్నాను” అన్నప్పుడు నవ్వు రాలేదు, జాలేసింది. ఆదివారం ఆయన ప్రసంగం కూడా ఉంది. ఒంట్లో బాగున్నట్టు కనపడి, పది నిమిషాలు తడబడకుండా మాట్లాడితే చాలు, గండం గడిచినట్టే. శనివారం విశ్రాంతి తీసుకోమని బతిమాలాను. వింటేగా!

అది మిరపకాయ కోతల కాలం. మా చర్చికొచ్చే ఆడవాళ్ళంతా చేలల్లోనే ఉన్నారు. చూసొద్దామని సైకిలు తీశాడు. తీరా వెళ్ళాక, కూలీల ముఠాకు పెద్దయిన మా పెద్దమ్మ దగ్గరికి పోయి “అమ్మా, నేనును మీతో కాయలు కోసెదను” అన్నాడు. (వరసకు పెద్దమ్మ. ఆ లెక్కన ఊళ్ళో నాకు పెద్దమ్మ కానివాళ్ళు తక్కువ.)

“నువ్వు కోసేదేందయ్యా! చేతులు మండుతయ్యి. దొరలు చేసే పనా ఇది?”

“మీ చేతులు మండుట లేదా?”

ఆమె నవ్వి, పక్క సాలు చూపించింది. “సరే పట్టు. చెమట మాత్రం చేత్తో తుడుచుకోమాక. ఇదిగో, ఇట్టా” అని తల వంచి మొహాన్ని భుజానికి రుద్దుకుంది. సాలంతా ఆడవాళ్ళు అలాగే తుడుచుకుంటున్నారు. పుట్టిందగ్గర్నుంచి చూస్తున్నా, నేనెప్పుడూ గమనించలేదు.

మధ్యాహ్నం దాకా కోశాడు. చెమటను బుద్ధిగా భుజానికే రుద్దుకున్నాడు. అయితే వాళ్ళ దేశపు అలవాటు ఎక్కడికి పోతుంది? మధ్యమధ్యలో జేబులోంచి తెల్ల రుమాలు తీసి వేళ్ళు మాత్రం శుభ్రంగా తుడుచుకునేవాడు. బంగళాకొచ్చాక చేతులకు మజ్జిగ పోసి, నూనె రాసి పడుకోబెట్టాను. పొద్దున లేచేసరికి మనిషి పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడిగించాను. రుమాలు చూస్తే తెల్లగానే కనపడింది. ఉతికే ఓపిక లేక (ఉతకడం కూడా నా ఉద్యోగంలో భాగమేనని పైన చెప్పాను), నాలుగు మడతలు పెట్టి జేబులో దోపాను.

చర్చి నిండిపోయింది. పెద్దదొరగారు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. చిన్నదొర రెండు నిమిషాలు చక్కగా మాట్లాడాడు. నుదుటికి చెమట పట్టింది. రుమాలు తీశాడు. నుదురు, కళ్ళు, ముక్కు అన్నీ తుడిచాడు. అంతే! కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. తుడిచాడు. ఇంకా కారాయి. మళ్ళీ తుడిచాడు. గొంతు పూడుకుపోయింది. అది నిన్న చేలో వేళ్ళు తుడుచుకున్న రుమాలేనని నాకప్పుడు వెలిగింది. వెనక నుంచి “దేవా!” అని ఎవరో వెక్కారు. ఇంకొకరు అందుకున్నారు. మా పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. కాసేపటికి ఏడవనివాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. పెద్దదొరగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ వేదికెక్కి చిన్నదొరను కావలించుకున్నారు.

భోజనాల దగ్గర చిన్నదొర ఉన్నదున్నట్టు చెప్పేశాడు, అది మిరపకాయల కారమేనని. పెద్దదొరగారు అయ్యగారి వైపు తిరిగి, “చూశారా, ఎంత వినయమో!” అన్నారు. సాయంత్రం జీపు పెద్దదొరగారొక్కరితోనే గుంటూరుకు తిరిగి వెళ్ళింది.

పెద్దమ్మ మాత్రం చర్చి మెట్ల దగ్గర నన్ను ఆపి, చెవిలో, “ఏంరా, రుమాలు ఉతకలేదా?” అంది.

ఎవరైనా విన్నారేమోనని నేను అటూ ఇటూ చూశాను. “నీకు తెలుసా? మరి అంత ఏడుపు ఏడిచావేందే?”

“తెలవకేం? నిన్న వేళ్ళు తుడుచుకుంటంటే చూడలా? ఏటేటా మా కళ్ళు మండుతానే ఉంటయ్యి రా. ఎవురన్నా అడిగారా? మా మంట మోసుకొచ్చి, అందరి ముందు నిలబడి ఏడ్చినోణ్ణి ఈయన్నే చూశా. అందుకే ఆగలేకపోయా” అని, చెంపలు చేత్తో కాదు, అలవాటుగా భుజానికి తుడుచుకుని వెళ్ళిపోయింది.

చిన్నదొర మరో మూడేళ్ళు మా ఊళ్ళోనే ఉన్నాడు. వెళ్ళేనాటికి “ఏందిరా, చానా ఎండగా ఉందే” అని మా యాసలో నాతోనే పోటీపడి మాట్లాడేవాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. పెద్దమ్మ లేదు. నాకు జుట్టు నెరిసింది, ఉతికిన రుమాలు జేబులో ఎప్పుడూ ఉంటుంది. అయినా ఎండలో చెమట పడితే తల దానంతటదే భుజం మీదికి వాలుతుంది. “జేబులో రుమాలు పెట్టుకుని ఆ తుడుచుకోవడం ఏమిటండీ, చొక్కా పాడవుతుంది!” అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఉతికేది నేనేగా అంటాను. ఆమె నవ్వుతుంది. ఆ నవ్వులో చేరదామనుకుంటూనే, ఎందుకో కళ్ళు చెమ్మగిల్లి, మళ్ళీ భుజానికే తుడుచుకుంటాను.